మూడో తరగతి నిశ్శబ్దం

గొంతు లేని చోట మాట కూడా లేదని తాను ఎప్పటి నుంచి నమ్మడం మొదలుపెట్టాడు?

దక్షిణామూర్తి ఈ ప్రశ్న తనకు తానే వేసుకున్నాడు. ఉదయం పదిన్నర అయింది. పెద్దాపురం గుట్ట మీది దృశ్యాగారంలో, రెండో పరిశీలన గదిలో, ఒక పెద్దావిడ పంపిన దృశ్యలేఖ అతని ఎదుట గోడ మీద నడుస్తోంది. నడుస్తోందని అనుకోవడమే. ముదురు ఎరుపు చీర ఒకటి కదులుతోంది. ముఖం ఉండవలసిన చోట గోధుమరంగు మచ్చ ఉంది. చేతులు ఉండవలసిన చోట చీరే ఉంది. ఆ చీరలోంచి అప్పుడప్పుడూ ఏదో పైకి లేచి, మళ్ళీ ఆ ఎరుపులోనే కలిసిపోతోంది.

లేఖ పొడవు పదకొండు నిమిషాలు. ఆ పదకొండు నిమిషాలూ ఆవిడ మాట్లాడుతూనే ఉంది. ఒక్క మాటా మిగల్లేదు.

జనం కాగితం మీద రాయడం మానేసి రెండు తరాలయింది. చెప్పవలసింది ఏదైనా ఇంటి గోడకున్న లేఖాదర్పణం ముందు నిలబడి చెబుతారు. అద్దె ఒప్పందం, వీలునామా, బడికి పంపే సెలవుచీటీ అన్నీ దృశ్యలేఖలే. కొన్నింటికి గడువు పెట్టి ముద్ర వేస్తారు. వాటిని కాలలేఖలంటారు. కాలలేఖకు ఒకటే ప్రతి. గడువు నిండేదాకా దాన్ని పంపినవాళ్ళు కూడా మళ్ళీ చూడలేరు. ఆ ఒక్క ప్రతీ ఈ గుట్ట కడుపులో భద్రంగా ఉంటుందని జనానికి నమ్మకం. ముద్ర విప్పే రోజున కుటుంబం ఇక్కడికే వచ్చి చూడాలి. వాళ్ళకంటే ఒక గంట ముందు అధికారి ఒకరు లేఖ సరిగా తెరుచుకుంటోందో లేదో చూడాలి. ఈరోజు ఆ అధికారి దక్షిణామూర్తి.

అద్దపు తలుపు అవతల నిరీక్షణ గదిలో ఆ కుటుంబం కూర్చుని ఉంది. ముగ్గురు. పొద్దున తొమ్మిదికే వచ్చారు. వివరాలు నమోదు చేసింది అతనే.

"ఏవండీ ఆఫీసరు గారూ, మేం కొత్త ఉప్పాడ నుంచండి. నా పేరు కాసులమ్మ. ఇది మాయక్క కూతురు సత్యవేణి. దీనికి వినపడదండి, మాటలు రావు. మాయక్క నూకరత్నానికీ అంతే. ఇదిగో ఈ పిల్లకీ అంతే. ఇంట్లో వాగేదాన్ని నేనొక్కదాన్నేనండి. ముగ్గురి వాటా నాకే ఇచ్చేసేడు దేవుడు."

సత్యవేణి పిన్ని పెదవుల వంక చూసి, వేళ్ళతో ఏదో చురుగ్గా అంది.

"చూసేరా, నన్నే తిడతంది. నీ సొద కట్టిపెట్టి పని చూడమంటంది."

పిల్ల పేరేమిటని దక్షిణామూర్తి అడిగాడు.

"బడిలో రాసుకునే పేరు లావణ్యండి. చేతిపేరు ఇంకా లేదు. దానికోసమే వచ్చేం." కాసులమ్మ గొంతు కాస్త తగ్గించింది. "మా వాడలో వినపడనోళ్ళు నలభై గడపలున్నారండి. వాళ్ళకి నోటితో పిలిచే పేరుతో పనేటుంది? పిల్లకి ఐదేళ్ళు నిండిన రోజున ఇంట్లో పెద్దవాళ్ళు చేత్తో పేరు పెడతారు. పిల్ల నవ్వుని బట్టో, నడకని బట్టో, ఏదోటి చూసి పెడతారు. అప్పటిదాకా ఎవర్నైనా 'పాప' అనే అంటారు. మాయక్కకి అప్పటికే ఒంట్లో బాగోలేదు. ఐదో ఏడు దాకా నేనుండను, నా మనవరాలికి నేనే పెట్టాలి అని లేఖలో చెప్పి ముద్రేయించేసింది. ఏం పెట్టేవే అని అడిగితే నాక్కూడా చెప్పలేదండి ముదనష్టపుది. నాలుగేళ్ళు దాచింది. ఇయ్యాల పిల్ల పుట్టినరోజు."

పిల్ల అప్పుడు తన రెండు చేతులనూ గౌను జేబుల్లో దాచుకుని ఉంది. కొత్త పేరు వచ్చేదాకా బయటికి తీయనని పంతం పట్టిందని కాసులమ్మ చెప్పింది.

దక్షిణామూర్తి గోడ మీది చిత్రాన్ని ఆపి, లేఖ తాలూకు చరిత్రను తెరిచాడు. స్వీకరించిన తేదీ ఉంది. దాచి మూడేళ్ళు నిండాక కుదించిన తేదీ ఉంది. దాని పక్కనే "నిశ్శబ్దం, మూడో తరగతి" అని ఉంది. ఆ కింద నల్లటి పట్టీలో ఒక ఆజ్ఞాపంక్తి.

ఈ కాలంలో యంత్రాలతో అందరూ నోటితోనే మాట్లాడతారు. నల్లటి తెర మీద అక్షరాలు కొట్టి ఆజ్ఞ ఇచ్చే పాత విద్య దృశ్యాగారంలో నలుగురికే వచ్చు. వాళ్ళలో దక్షిణామూర్తి పెద్దవాడు. ఆ పంక్తి అతనిదే. ఏడే ఏడు మాటలు. దాన్ని చూడగానే గుర్తుపట్టాడు, సొంత దస్తూరీని గుర్తుపట్టినట్టు.

ఆరేళ్ళ కిందట గుట్టలో చోటు చాలకుండా పోయింది. లేఖలన్నిటినీ చిన్నవి చేయాలి, జనానికి తేడా తెలియకూడదు. ఆ పని అతనికి అప్పగించారు. అతను శ్రద్ధగానే చేశాడు. చిత్రకణం ప్రతిదానిలోనూ మూడు అంకెలుంటాయి. ఒకటి వెలుగుది, మిగతా రెండూ రంగువి. మనిషి కన్ను వెలుగును పట్టినంత గట్టిగా రంగును పట్టదు. కాబట్టి వెలుగును దేనికది ఉంచి, నాలుగేసి కణాలకు కలిపి ఒకే రంగు ఇస్తే సగం చోటు మిగులుతుంది. దీన్ని కణరూప మార్పిడి అన్నారు. ఆ తర్వాత చిత్రం పొడవూ వెడల్పూ తగ్గించాలి. ఎంత తగ్గించాలన్నదే ప్రశ్న. దానికి అతనొక సూత్రం కనిపెట్టాడు. లేఖలో మనిషి గొంతు ఉంటే అర్థం గొంతులో ఉంటుంది కాబట్టి చిత్రాన్ని సగానికి తగ్గించవచ్చు. గొంతు అసలు లేకపోతే అది ఎవరో మరిచిపోయి వదిలేసిన దర్పణం, ఖాళీ గది, నిద్రపోతున్న పిల్లి. దాన్ని మూడో తరగతిలో వేసి ఎనిమిదో వంతుకు తగ్గించినా నష్టం లేదు.

నూకరత్నం చీర రంగు ముదురు ఎరుపు. చెయ్యి చామనఛాయ. వెలుగు కొలతలో రెండూ ఒకటే. ఆ రెంటినీ విడదీసి చూపేది ఒక్క రంగే. రంగును నాలుగింటికి ఒకటిగా పంచి, ఆపైన చిత్రాన్ని ఎనిమిదో వంతుకు నొక్కేసరికి వేళ్ళు చీరలో కరిగిపోయాయి.

లెక్క ఎక్కడా తప్పలేదు. తెలియక జరిగిందని కూడా అనుకోవడానికి లేదు. అతనికి కష్టంగా ఉన్నది అక్కడే.

ఆ సూత్రాన్ని చర్చకు పెట్టిన రోజున హైమావతి అనే చిన్న ఉద్యోగిని లేచి అడిగింది. "సార్, చేతులతో మాట్లాడేవాళ్ళ లేఖలు కూడా ఇందులోకే వస్తాయేమో కదండీ?" అప్పుడు భోజనాల వేళ కావస్తోంది. అందరూ లేవడానికి సిద్ధంగా ఉన్నారు. దక్షిణామూర్తి చిరునవ్వుతో, "మూగ సినిమాలకు కూడా మొదటి తరగతి టిక్కెట్టు ఇమ్మంటావా అమ్మా?" అన్నాడు. గదంతా నవ్వింది. హైమావతి కూడా నవ్వి కూర్చుంది. ఆ నవ్వులో ప్రశ్న పోయింది. ఆ ఏడాదే అతనికి మితదర్శి అని బిరుదిచ్చి శాలువా కప్పారు.

కనిపించేదీ ఉన్నదీ ఒకటేనా అని ముప్ఫై ఏళ్ళుగా పుస్తకాలు చదువుతున్నవాడు. నోరు విప్పకుండా, వేళ్ళ ముద్రతోనే బోధించిన దేవుడి పేరు పెట్టుకున్నవాడు. ఆ మౌనబోధ గురించి చదివిన ప్రతిసారీ పెన్సిలుతో గీత గీసుకున్నవాడు. ఆ నవ్వు తెప్పించినవాడు కూడా అతనే.

సంచాలకుడు అచ్యుతరామయ్యకు కబురు చేశాడు. ఆయన ముఖం దర్పణంలో కనిపించింది. ఎవరితోనో భోజనం గురించి మాట్లాడుతూ మధ్యలో ఇటు తిరిగాడు.

"చెరిగిపోయిందా? పూరణి ఉంది కదయ్యా, దాన్ని నడిపించు."

పూరణి అంటే చెరిగిన చోట్ల ఏముండి ఉంటుందో ఊహించి నింపే యంత్రం. లక్షల ముఖాలనూ చేతులనూ చూసి నేర్చుకున్నది.

"అది ఊహండి. ఆవిడ చెప్పింది కాదు."

"వాళ్ళకెలా తెలుస్తుంది? స్పష్టంగా కనిపిస్తే సంతోషంగా వెళ్ళిపోతారు. మూర్తీ, నిశ్శబ్దం తరగతిలో ఇప్పటికి ఎన్ని కుదించామో తెలుసా నీకు?"

"నలభై ఒక్క వేలు."

"అదీ సంగతి. ఒకదానికి తప్పు ఒప్పుకుంటే నలభై ఒక్క వేలకు ఒప్పుకోవాలి. ఆ పంక్తి జోలికి మాత్రం పోకు. నా సంతకం లేకుండా దాన్ని ఎవరూ ముట్టుకోకూడదని నువ్వే కదా నియమం రాశావు."

ముఖం మాయమైంది.

దక్షిణామూర్తి పూరణిని నడిపించాడు. గోడ మీద నూకరత్నం ఒక్కసారిగా తేటపడింది. కళ్ళు, ముక్కుపుడక, చెంపల మీది ముడతలు. లేఖ చివరి నిమిషంలో కుడిచెయ్యి ఎత్తి చెంప దగ్గర ఉంచి ముందుకు చాచింది. చూపుడువేలు కొక్కెంలా వంగి ఉంది. అతను మరోసారి నడిపించాడు. అదే నిమిషంలో అదే చెంప దగ్గర ఈసారి రెండు వేళ్ళు జోడించి ఉన్నాయి. మూడోసారి నడిపిస్తే ఐదు వేళ్ళూ మొగ్గలా ముడుచుకుని మెల్లగా విచ్చుకున్నాయి.

ఒక్క మనిషి ఒక్కసారి పెట్టిన పేరు మూడు పేర్లయింది. చెయ్యి ఎక్కడ మొదలై ఎటు కదిలిందో ఆ మచ్చల్లో మిగిలింది. వేళ్ళు ఏం చేశాయో మిగల్లేదు.

అతను మూడోదాన్ని ఎంచుకున్నాడు. ఎందుకని తరువాత ఎవరైనా అడిగితే అందంగా ఉందనే చెప్పాలి. వేరే కారణం లేదు. తలుపు తీసి వాళ్ళను లోపలికి పిలిచాడు.

పదకొండు నిమిషాలూ అతను గోడను చూడలేదు. వాళ్ళను చూశాడు. సత్యవేణి తల్లి కనిపించగానే లేచి నిలబడిపోయింది. మధ్యలో రెండుసార్లు కనుబొమలు ముడిచి, అర్థం కానట్టు పిన్ని వంక చూసింది. "పాత యాస అయ్యుంటుంది. దాని మాటలు దానికే తెలియాలి" అని కాసులమ్మ వేళ్ళతో అంటూనే, అలవాటు కొద్దీ నోటితోనూ అంది. చివరి నిమిషం వచ్చింది. చెంప దగ్గర ఐదు వేళ్ళు విచ్చుకున్నాయి.

పిల్ల జేబుల్లోంచి చేతులు తీసింది. కుడిచేతి వేళ్ళను మొగ్గలా పట్టుకుని, చెంపకు ఆనించి, విప్పింది. ఇంకోసారి విప్పింది. తరువాత దక్షిణామూర్తి వైపు తిరిగి, తనను తాను పరిచయం చేసుకుంటున్నట్టు, మూడోసారి విప్పింది.

కాసులమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "పువ్వంటండి. పువ్వని పెట్టింది ముసల్ది. ఈ మాత్రం దానికి నాలుగేళ్ళు దాచాలా?" అని ఏడుస్తూనే నవ్వింది. "ఇంకోటి చూసేరా? పైకెళ్ళాక అక్క వేలు కూడా తిన్నగా అయిపోయింది."

"వేలేమిటి?" అన్నాడు దక్షిణామూర్తి.

"చూపుడువేలండి. రొయ్యల ఫ్యాక్టరీలో కత్తికి తెగి ఎంకర పోయింది. ముప్ఫై ఏళ్ళు ముడుచుకునే ఉంది. దాని మాట మా వాడలో ఎంత దూరం నుంచైనా పోల్చేసేవోళ్ళు, ఆ ఎంకర వేలుని బట్టి. మీరు ఫొటోలకి రంగులేసినట్టు దీన్నీ బాగు చేస్తారు కాబోలు."

సత్యవేణి నవ్వలేదు. ఆమె గోడ దగ్గరికి నడిచి, ఆగి ఉన్న చిత్రంలో తల్లి చూపుడువేలి మీద తన వేలు పెట్టింది. వెనక్కి తిరిగి పిన్నితో ఏదో అంది. చిన్న వాక్యం.

"ఏం లేదండి, పిచ్చిది. ఈ వేలు ఎవరిదీ అని అడుగుతంది. నేను చెప్తాన్లెండి, అధికార్లు చిత్రాన్ని శుభ్రం చేస్తారే అని..."

తప్పించుకోవడానికి దారి ఎదుటే తెరిచి ఉంది. దాన్ని తెరిచిపెట్టింది కూడా వాళ్ళ మనిషే. తను తల ఊపితే చాలు. పిల్ల ఆ పేరుతో పెరుగుతుంది, ఆ పేరుతో ముసలిదవుతుంది, ఏ లోటూ తెలియదు. లోటు తెలియని చోట తప్పు ఉన్నట్టా? ఇలాంటి ప్రశ్నలు పుస్తకంలో చదివేటప్పుడు అతనికి ఇష్టంగా ఉండేవి. ఇప్పుడు ఆ ప్రశ్న తనకు ఎంత తేలిగ్గా తట్టిందో గమనించాడు. భోజనాల వేళ వేసిన ఆ పరిహాసం కూడా ఇంతే తేలిగ్గా వచ్చింది.

"కాసులమ్మ గారూ, ఆ వేలు మీ అక్కగారిది కాదండి" అన్నాడు. "ఆ చెయ్యే ఆవిడది కాదు. మాటలూ కావు."

"అదేటండి?"

"యంత్రం ఊహించి గీసింది. అసలు లేఖను నేను పాడుచేశాను. ఈ సంగతి సత్యవేణి గారికి చెప్పండి."

కాసులమ్మ చేతులు ఒడిలోనే ఉండిపోయాయి. అంత గలగలమన్న మనిషి మెల్లగా అంది. "నేను చెప్పనండి. పుట్టినరోజు పూట దానికి ఈ మాట నా చేత్తో చెప్పను. చేసినోరు మీరు. మీరే చెప్పుకోండి."

అతనికి చేతిభాష ఒక్క ముక్క రాదు. ఆ నలభై ఒక్క వేల లేఖల్లో ఎన్నింటి భాషో అది. అతను ఒక్క మాట నేర్చుకోలేదు.

అతను మూడు చిత్రాలనూ గోడ మీద పక్కపక్కనే పెట్టాడు. కొక్కెం వేలు, జోడించిన వేళ్ళు, పువ్వు. వాటి కింద అసలుదాన్ని పెట్టాడు. ఎరుపూ, ఒక మచ్చా. దాని పక్కన నల్లటి పట్టీలో తన ఆజ్ఞాపంక్తిని తెరిచాడు. పంక్తి చివర రాసినవారి పేరు ఉంటుంది. దాని మీద వేలు పెట్టాడు. అదే వేలును తన గుండె మీద పెట్టుకున్నాడు.

సత్యవేణి చూసింది. పై మూడింటినీ ఒకదాని తరువాత ఒకటి చూసింది, కింది దాన్ని చూసింది, అతని వేలును చూసింది. ఆమె ముఖంలో కోపం వస్తుందని అతను ఎదురుచూశాడు. వస్తే కొంత తేలికవుతుందనుకున్నాడు. అది రాలేదు. ఆమె కింద కూర్చుని, ఇంకా చెంప దగ్గర పువ్వు పూయిస్తున్న కూతురి చేతిని తన చేతిలోకి తీసుకుంది. విచ్చుకున్న వేళ్ళను ఒక్కొక్కటిగా మూసింది. పిల్ల అయోమయంగా తల్లిని చూసి, చేతులు మళ్ళీ జేబుల్లో దాచుకుంది.

దక్షిణామూర్తి తల వంచుకున్నాడు. ఏ శిక్షకైనా ఒక చివర ఉంటుంది. ఆ చిన్న చేతులు జేబుల్లోకి వెళ్ళిన తీరుకు చివర ఉంటుందని అతనికి తోచలేదు.

సత్యవేణి లేచింది. అతనికి ఎదురుగా నిలబడి, నెమ్మదిగా, విడమరచి, ఏమీ తెలియనివాడికి చెప్పినట్టు చేతులతో అడిగింది. అతను కాసులమ్మ వైపు చూశాడు. ఈసారి ఆమె నోరు విప్పింది.

"మా వాడలో ఇంకా చాలామంది ముసలాళ్ళు ఇక్కడ లేఖలు దాచుకున్నారండి. మొన్న మొన్న పెట్టినోళ్ళు కూడా ఉన్నారు. అయ్యి బాగున్నాయా, అయ్యీ ఇలాగే అయిపోయాయా, అని అడుగుతంది."

అతను గోడ మూలనున్న గడియారం చూశాడు. పన్నెండుకు ఆరు నిమిషాలు తక్కువ. మూడేళ్ళు నిండిన లేఖలను ప్రతిరోజూ సరిగ్గా పన్నెండుకు ఆ పంక్తి తనంతట తానే తీసుకుని కుదించేస్తుంది. ఈ ఆరేళ్ళలో అది ఒక్క రోజు కూడా ఆగలేదు. ఈరోజు జాబితా తెరిచాడు. నిశ్శబ్దం, మూడో తరగతి. పద్దెనిమిది లేఖలు. ఇంకా ఎవరూ ముట్టనివి. నాలుగు కొత్త ఉప్పాడవి.

"ఇవి ఇంకా బాగున్నాయి," అన్నాడు. "ఆరు నిమిషాల దాకా."

కాసులమ్మకు ఆ మాట అర్థమైంది. సత్యవేణికి ఆమె చెప్పేలోపే అతను కుర్చీ లాక్కుని నల్ల తెర ముందు కూర్చున్నాడు. ఆ పంక్తిని ముట్టుకోవడానికి సంచాలకుడి సంతకం కావాలి. ఆ సంతకం కోసం అడిగితే మాటలు మొదలవుతాయి. పన్నెండు దాటేదాకా మాట్లాడటం అచ్యుతరామయ్యకు బాగా తెలుసు. అయితే నియమం రాసిన చేతికి, ఎవరూ ఎన్నడూ అడగని ఒక దొడ్డిదారి కూడా తెలుసు.

అతను ఆ దారిన లోపలికి వెళ్ళాడు. పంక్తిని మొత్తంగా ఒక్కసారే తుడిచేయవచ్చు. అలా చేయలేదు. చివరి మాట నుంచి మొదలుపెట్టి, ఒక్కొక్క అక్షరమే, ఏడు మాటలూ తుడిచాడు. ఖాళీ అయిన ఆ చోట, తరువాత వచ్చి చూసేవాళ్ళ కోసం, ఒక వాక్యం కొట్టాడు. గొంతు లేని లేఖల్లోనూ మాటలుంటాయని నాకు ముందే ఒకరు చెప్పారు, నేను నవ్వాను. కింద పేరు రాశాడు. పెద్ద మీట నొక్కాడు.

దర్పణంలో సంచాలకుడి పిలుపు వెలిగింది. దక్షిణామూర్తి అటు తిరగలేదు. సత్యవేణి వచ్చి అతని భుజం పక్కన నిలబడింది. ఇద్దరూ గడియారం వైపు చూశారు.

పన్నెండయింది. పద్దెనిమిది లేఖలూ ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి.